చలికాలపు ప్రతినిధి

డ్రై లిక్ లోయ జనం డాక్టర్ నినియన్ గౌడీని వరసగా అయిదుసార్లు కెంటకీ శాసనసభకు పంపారు. ఆయనకు రాజ్యం నడపడం తెలుసని కాదు. చలికాలమంతా లోయలో లేకుండా పోతాడని.

ఈ సంగతి పాలు తాగే పిల్లలకు తప్ప లోయలో అందరికీ తెలుసు. డాక్టరుకు తెలియదు. ఆయన మొహం మీద చెప్పే దమ్ము ఒక్కడికీ లేకపోయింది.

గౌడీ స్కాట్లండు నుంచి సముద్రం దాటి వచ్చాడు. వస్తూ లాటిన్‌లో రాసిన పట్టా ఒకటి, చెక్కపెట్టెలో నరం కోసే కత్తులు తెచ్చుకున్నాడు. పట్టాకు అద్దం బిగించి గోడకు తగిలించాడు. కత్తులు మనుషుల మీద వాడాడు. జ్వరమొస్తే నెత్తురు తీసేవాడు. దగ్గొస్తే తీసేవాడు. గుర్రం మీంచి పడి కాలు విరిగినవాడికి కూడా ముందు మోచేతి దగ్గర కోసి గిన్నెడు తీసి, ఆ తర్వాతే కాలు వైపు చూసేవాడు. ఇంకా ప్రాణం మిగిలితే దాని సంగతి ఆయన మింగించే పాదరసం పొడి చూసుకునేది.

అలాంటివాణ్ణి రావద్దని చెప్పచ్చు కదా అంటారు బయటివాళ్లు. గౌడీ మంచివాడు. చిక్కంతా అక్కడే వచ్చింది. మంచు కురుస్తుంటే ఆరు మైళ్లు గుర్రం మీద వచ్చేవాడు. పేదా గొప్పా చూసేవాడు కాదు. రోగి మంచం పక్కన మోకరించి ప్రార్థన చేసేవాడు. రోగి పోతే ఇంటివాళ్లకంటే ముందు ఏడ్చేవాడు. పైగా లోయలో ఒక పద్ధతి ఉంది. గుర్రం దిగి గడప ముందు నిలబడ్డ మనిషిని లోపలికి రమ్మనాలి. వాడెవడైనా సరే. పొమ్మన్నవాడికి మర్యాద తెలియదని లోయంతా చెప్పుకుంటుంది. ఆ మర్యాద కోసం డ్రై లిక్ మగాళ్లు పెళ్లాల్ని, పిల్లల్ని మట్టిలో పెట్టుకున్నారు.

పీపాలు చేసే అబ్నర్ ప్రూయిట్ కూడా పెట్టుకున్నాడు. అతని భార్య కెజియాకు జనవరిలో ఊపిరితిత్తుల జ్వరం వచ్చింది. గౌడీ మూడు రోజుల్లో నాలుగుసార్లు నెత్తురు తీశాడు. మొదటిసారి ఆమె వద్దంది. తర్వాత వద్దనడానికి ఓపిక లేకపోయింది. నాలుగోసారి తీస్తుంటే గిన్నె పట్టుకున్నది అబ్నరే. పట్టుకోమన్నాడు కాబట్టి పట్టుకున్నాడు.

ఆమెను పాతిపెట్టిన మూడో వారం అబ్నర్ మొక్కజొన్నలు ఆడించడానికి మోర్డెకై గాల్ట్ మిల్లుకు వెళ్లాడు. మోర్డెకైది వాగు అవతలి ఇల్లు. ఇద్దరూ వర్జీనియా నుంచి ఒకే బండిలో కొండలు దాటి వచ్చినవాళ్లు. మిల్లులో పదిమంది చేరి డాక్టరు గురించే గుసగుసలాడుతున్నారు. ఆ చలికాలం లోయలో పదకొండు గోతులు తవ్వారు.

“కాల్చి పారేద్దామంటే మంచి మనిషాయె,” అన్నాడు మోర్డెకై.

“రాజధానికి పంపండి,” అన్నాడు అబ్నర్. “శాసనసభ నవంబరులో కూర్చుంటుంది. చలి విరిగేదాకా లేవదు. కోసుకోవడానికి అక్కడ లాయర్లు బోలెడుమంది. ఒక్కొక్కడి ఒంట్లో రెండు గిన్నెలు తీసినా తెలియదు.”

కడుపు మంటతో అన్నాడు. వాళ్లు నవ్వారు. నవ్వి ఊరుకున్నారు. ఊరుకుని ఆలోచించారు. ఆగస్టులో గౌడీని బతిమాలి నిలబెట్టి గెలిపించారు. ఆ చలికాలం లోయలో మూడు గోతులే తవ్వారు. అందులో ఒకటి తొంభై ఏళ్ల ముసలాడిది.

అప్పటినుంచి ఏటా అదే తంతు. గౌడీకి అది ప్రేమగా కనిపించింది. ప్రతి ఆగస్టులో కోర్టు మెట్ల మీద నిలబడి కళ్లు తుడుచుకునేవాడు. “పరాయి దేశం వాణ్ణి. పుట్టిన ఊరు కూడా నాకింత గౌరవం ఇవ్వలేదు,” అనేవాడు. జనం టోపీలు ఎగరేసేవాళ్లు. నవంబరులో ఆయన గుర్రం కొండ మలుపు తిరిగేదాకా చేతులూపి, ఇళ్లకు పోయి హాయిగా దగ్గుకునేవాళ్లు.

తెలివితేటల్లో తమను మించినవాళ్లు లేరనుకున్నారు. ఒక మనిషిని పదవిలో కూర్చోబెడితే వాడు ఊరికే కూర్చోడని ఒక్కడికీ తట్టలేదు. అబ్నర్‌కూ తట్టలేదు.

గౌడీ మొదటి రెండేళ్లూ సభలో వంతెనల గురించి మాట్లాడాడు. తర్వాత రెండేళ్లూ తోడేళ్ల గురించి మాట్లాడాడు. అయిదో ఏట తనకు బాగా తెలుసనుకున్న దానికి వచ్చాడు. వైద్యుల చట్టం అన్నాడు. పట్టా లేనివాళ్లు రోగిని ముట్టకూడదు, ఎముక కట్టకూడదు, కాన్పు చేయకూడదు. చేస్తే మూడు నెలలు జైలు. ఒక సభ ఒప్పుకుంది. రెండో సభ ఒప్పుకునేలోగా ఆ ఏటి సమావేశాల గడువు తీరింది. 1806 వేసవిలో గౌడీ ఇంటింటికీ తిరిగి శుభవార్త చెప్పాడు.

“ఈసారి వెళ్లిన వారంలోనే పాస్ చేయించి తీరతాను. నెల తిరక్కుండా అమల్లోకి వస్తుంది. మీ ఆడవాళ్లు ఇక చదువులేని ముసలమ్మల చేతుల్లో చావనక్కర్లేదు.”

“చాలా సంతోషం డాక్టరుగారూ,” అన్నారు జనం.

అబ్నర్ కూతురు తిర్సాకు అప్పుడు అయిదో నెల. ఆమె మొదటి కాన్పు కిందటేడు జూన్‌లో వచ్చింది. జూన్‌లో డాక్టరు లోయలోనే ఉంటాడు. ఇనుప కొక్కెం పట్టుకుని తయారయ్యాడు. బిడ్డ దక్కలేదు. తిర్సా నలభై రోజులు మంచం దిగలేదు. ఈసారి క్రిస్మస్ ముందు అవుతుందని మంత్రసాని ఉర్సులా వీగల్ చెప్పింది. ఉర్సులా జర్మను ముసలిది. లోయలో సగంమంది ఆమె చేతుల్లోనే పడ్డారు.

తిర్సా, తండ్రి పీపాలు చేసే కొట్టానికి వచ్చి, బద్దల మీద కూర్చుంది.

“నాన్నా, నాకు ఉర్సులా అవ్వే కావాలి. ఆయన మళ్లీ నా మంచం దగ్గరికి వస్తే నేను బతకను. ఇది భయపడి చెప్పే మాట కాదు. నాకు తెలుసు.”

అబ్నర్ ఉర్సులా దగ్గరికి వెళ్లాడు. ఆమె వాకిట్లో చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

“చట్టం వస్తే రాను,” అంది, తల ఎత్తకుండానే. “నాకు డెబ్బై రెండేళ్లు. జైల్లో ఎలకలతో పడుకోను. నీ కూతురే కాదు, ఇంగ్లండు రాణి పిలిచినా రాను.”

“నువ్వు రాకపోతే అది చస్తుంది.”

“అయితే చట్టం రాకుండా చూడు. చట్టాలు చేసేవాణ్ణి పంపింది మీరా, నేనా? నాకు ఓటు కూడా లేదు.”

అబ్నర్ గుర్రం ఎక్కాడు. అక్కణ్ణుంచి నేరుగా మిల్లుకు వెళ్లాడు. పాత మొహాలే ఉన్నాయి. ఈసారి గౌడీకి కాకుండా లెమ్యూల్ టాట్‌కు ఓటెయ్యమని అడిగాడు. టాట్ గుర్రాల వ్యాపారి. ఏ విషయం మీదా ఏ అభిప్రాయం లేనివాడు. లోయకు అలాంటివాడు చాలు.

మోర్డెకై పడీ పడీ నవ్వాడు. “పంపమన్నదీ నువ్వే, వద్దంటున్నదీ నువ్వేనా? ఒరే అబ్నరూ, పీపాకు అడుగు ఊడగొట్టి విస్కీ పోయమన్నట్టుందిరా నీ వరస.”

“చట్టం వస్తే ఉర్సులా రాదు. నా కూతురి ప్రాణం మీదికి వస్తుంది.”

“ఆయన ఊళ్లో ఉంటే అందరి ప్రాణం మీదికీ వస్తుంది. మా ఆవిడకు అక్టోబరు నుంచి మార్చిదాకా దగ్గే. నీ కూతురు కోసం నా పెళ్లాన్ని కోయించుకోమంటావా?”

“ఇంటికొస్తే వద్దని చెప్పు.”

మిల్లులో అందరూ అతన్ని వింతగా చూశారు. బట్టలు విప్పి సంతలో తిరగమన్నట్టు చూశారు.

“నువ్వు చెప్పావా?” అన్నాడు మోర్డెకై.

అంతకంటే అబ్నర్‌ను చెప్పుతో కొట్టినా బాగుండేది.

కాసేపటికి మోర్డెకైకి కొంచెం జాలి కలిగింది. “సరేలే. తిర్సా నా కళ్ల ముందు పెరిగింది. నా ఓటు టాట్‌కే. మీరేమంటార్రా?” అన్నాడు. అందరూ అలాగే అలాగే అన్నారు. విస్కీ తాగుతూ అన్నారు. గౌడీ అక్కడ లేడు కాబట్టి అన్నారు.

ఓట్లు ఆగస్టులో మూడు రోజులు. కోర్టు ముందు చెట్ల నీడలో బల్ల వేస్తారు. షెరీఫ్ మధ్యలో కూర్చుంటాడు. పోటీ చేసేవాళ్లు చెరో పక్కన కూర్చుంటారు. ఓటరు వాళ్ల ముందుకొచ్చి నిలబడి, ఎవరికి వేస్తున్నాడో ఊరంతా వినేలా నోటితో చెప్పాలి. గుమాస్తా రాసుకుంటాడు. పేరు చెప్పించుకున్నవాడు లేచి, టోపీ తీసి, ఓటరుకు దండం పెడతాడు. తండ్రుల నాటి నుంచి అదే పద్ధతి. చాటుగా ఓటేసేది పిరికివాళ్లని లోయలో నమ్మకం. మొహాన నిలబడి అబద్ధమాడేవాళ్లు మాత్రం ధైర్యవంతులు.

మూడో రోజు మిల్లు వాళ్లంతా వచ్చారు. ఒక పక్క గౌడీ విస్కీ పీపాలు, ఒక పక్క టాట్ విస్కీ పీపాలు. వచ్చినవాడు రెండు వైపులా తాగి వరసలో నిలబడుతున్నాడు. కాన్పుల గురించి చట్టం రాసేవాణ్ణి ఎన్నుకునే ఆ వరసలో కాన్పయ్యే మనిషి ఒక్కరూ లేరు. ఆడవాళ్లకు ఓటు లేదు. గుంటలో నిప్పుల మీద పందిని తిప్పుతున్న నల్ల బానిసలకూ లేదు. విస్కీ తాగగల ప్రతి తెల్ల మగాడికీ ఉంది.

మోర్డెకై బల్ల ముందుకు వచ్చాడు.

“మోర్డెకై గాల్ట్! ఎవరికి?” అన్నాడు షెరీఫ్.

గౌడీ ముందుకు వంగి మెల్లగా అడిగాడు. “మీ ఆవిడ దగ్గు ఎలా ఉంది మోర్డెకై? వేసవిలో కూడా పోలేదా పాపం?”

మోర్డెకై టోపీ చేతుల్లో తిప్పాడు. నేల చూశాడు. అబ్నర్ వైపు మాత్రం చూడలేదు.

“డాక్టర్ గౌడీకి,” అన్నాడు.

గౌడీ లేచి దండం పెట్టాడు. మోర్డెకై వెనకాల మిల్లు మగాళ్లు ఒక్కొక్కరే వచ్చారు. గౌడీకి, గౌడీకి, గౌడీకి. టాట్ మొక్కజొన్న రొట్టె నములుతూ చెట్ల మీది పక్షులను చూస్తున్నాడు.

అబ్నర్ అల్లుడు ఆసా హార్గిస్ వంతు వచ్చింది. ప్రాణం మీదికి వచ్చింది అతని పెళ్లానికే. కడుపులో ఉన్నది అతని బిడ్డే. ముందురోజు రాత్రి మామగారి బైబిలు మీద చెయ్యి వేసి టాట్‌కే అన్నాడు.

“ఎవరికి?”

“డాక్టరుగారికి,” అన్నాడు ఆసా.

వెనక్కి వస్తుంటే అబ్నర్ అతని మోచెయ్యి పట్టుకున్నాడు. “నీ నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందిరా?”

“ఆయన నా మొహంలోకే చూస్తున్నాడు మామయ్యా. చూస్తూ నవ్వాడు. ఏం చెయ్యను?”

“చావు.”

అబ్నర్ వరస దాటుకుని బల్ల ముందుకు వెళ్లాడు. ఎవరూ అడ్డు చెప్పలేదు.

“టాట్‌కి,” అన్నాడు, షెరీఫ్ అడగక ముందే.

టాట్ ఉలిక్కిపడి లేచి, ఒళ్లో రొట్టె ముక్కలు దులుపుకుని దండం పెట్టాడు. అంతటితో అయిపోవాలి. కానీ గౌడీ లేచాడు. ఆయన కళ్లలో అప్పుడే నీళ్లు తిరిగాయి.

“అబ్నర్, నావల్ల మీకేమైనా కష్టం కలిగిందా? నలుగురి ముందూ అడుగుతున్నాను. చెప్పండి.”

“చెప్తాను,” అన్నాడు అబ్నర్. “డాక్టరుగారూ, మిమ్మల్ని అయిదేళ్లుగా సభకు పంపుతున్నది మీరు గొప్పవాళ్లని కాదు. చలికాలం మీరు మా మంచాల దగ్గరికి రాకుండా ఉంటారని. మీరుంటే పదకొండుమంది పోయారు. మీరు లేకపోతే ముగ్గురు. ఇది నా ఆలోచనే. మిల్లులో నేనే చెప్పాను. ఇక్కడ టోపీలు ఎగరేసిన ప్రతివాడికీ తెలుసు. ఇప్పుడు మీరు మంత్రసానుల్ని జైల్లో పెడతానంటున్నారు. నా కూతురికి మీరు వద్దు. అందుకని టాట్‌కి వేశాను.”

పంది కొవ్వు నిప్పుల్లో పడి చిటపటలాడడం వినిపించింది. అంతమంది మగాళ్లు, ఒక్కడూ దగ్గలేదు.

గౌడీ జనం వైపు తిరిగాడు. “మోర్డెకై, నిజమేనా?”

ఒక్క అవును చాలు. మోర్డెకై నోరు తెరిచాడు, మూశాడు, మళ్లీ తెరిచాడు.

“అయ్యయ్యో! అదేం మాట డాక్టరుగారూ? వాడికి పెళ్లాం పోయినప్పటినుంచీ మతి సరిగా లేదు. మీరంటే మాకు ప్రాణం!”

“ప్రాణం!” అన్నారు వెనకాల వాళ్లు.

“మీరు లేని చలికాలం మాకు చలికాలమే కాదు!” అని ఎవడో తాగినవాడు అరిచాడు.

గౌడీ ఆ మాట పట్టుకున్నాడు. పదకొండూ, మూడూ పక్కపక్కన పెట్టి చూసుకుంటే ఆయనకు తెలిసేది. చూసుకోలేదు. చదువుకున్నవాళ్లకు తమకు తెలియనిది ఒకటుందని తట్టడానికి చాలా కాలం పడుతుంది. కొందరికి ఆయుష్షు చాలదు.

“సోదరులారా,” అన్నాడు. “ఇతను దుఃఖంలో ఏదో అన్నాడు. నేను తప్పు పట్టను. కానీ ఇతని మాటలో నాకొక నిజం దొరికింది. మీకు నా అక్కర ఉన్నప్పుడల్లా నేను దూరంగా ఉన్నాను. పదవి మోజులో పడి అయిదు చలికాలాలు మిమ్మల్ని వదిలేశాను. మీరు ఎంత మంచివాళ్లు! ఒక్కమాట అనలేదు. ఇక చాలు. నేను పోటీ నుంచి తప్పుకుంటున్నాను. ఈ చలికాలం మీ మధ్యే ఉంటాను. ప్రతి ఇంటికీ వస్తాను.”

మోర్డెకై మొహంలో రంగు పోయింది. “వద్దు డాక్టరుగారూ! రాష్ట్రం ఏమైపోతుంది?”

“రాష్ట్రానికి టాట్‌గారు ఉన్నారు.”

“టాట్‌కి ఏం తెలుసండీ! వంతెనలో? తోడేళ్లో? మీరు వెళ్లాల్సిందే. మా మీద ఒట్టు!”

“చూశారా,” అన్నాడు గౌడీ, కళ్లు తుడుచుకుంటూ. “ఇంత ప్రేమ ఉన్నవాళ్లను వదిలి నేను ఎక్కడికి వెళ్లను?”

జనం బతిమాలారు. బతిమాలిన కొద్దీ ఆయన ఏడ్చాడు. మీరు ఉంటే మేం చస్తాం అనే ఒక్క మాట తప్ప అన్నీ చెప్పి చూశారు. షెరీఫ్ గుమాస్తాతో గుసగుసలాడి టాట్ గెలిచాడన్నాడు. టాట్ ఇంటికి పోయి గుర్రాలకు దాణా వేసుకున్నాడు.

దోవలో మోర్డెకై అబ్నర్ గుర్రానికి అడ్డం వచ్చాడు. “నీ నోరు పడిపోను! లోయ గొంతు కోశావు కదరా.”

“అవునని ఒక్కమాట అంటే సరిపోయేది.”

“మొహం మీద ఎలా అంటార్రా? మనుషులం కాదూ?”

అబ్నర్ గుర్రాన్ని పక్కకు తిప్పుకుని పోయాడు.

చలికాలం వచ్చింది. గౌడీ మాట మీద నిలబడ్డాడు. నవంబరు నుంచి ప్రతి ఇంటికీ వెళ్లాడు. పిలవకపోయినా వెళ్లాడు. ఆ నెల తిరిగేసరికి నాలుగు గోతులు పడ్డాయి. చచ్చినవాళ్ల బంధువులు గోతి పక్కన నిలబడి అబ్నర్‌ను తిట్టారు, డాక్టరు చెయ్యి పట్టుకుని కృతజ్ఞతలు చెప్పారు. మరునాడు మళ్లీ ఆయన గుర్రం చప్పుడు వినపడగానే తలుపులు తీశారు.

డిసెంబరు పద్దెనిమిదిన పొద్దున్నే, కాన్పుకు పుట్టింటికి వచ్చిన తిర్సాకు నొప్పులు మొదలయ్యాయి. చట్టం రాలేదు కాబట్టి ఉర్సులా వచ్చింది. వచ్చీ రాగానే ఆసాను కట్టెలకు పంపింది. ఆసా కట్టెలకు వెళ్లి మిల్లు దగ్గర నోరు జారాడు. జారాడో, జారనిచ్చాడో అబ్నర్ అడగలేదు. అడిగితే కొట్టాల్సి వచ్చేది.

మధ్యాహ్నానికి గౌడీ వచ్చాడు. మీసాల మీద మంచు గడ్డకట్టింది. గుర్రం దిగి, పెట్టె తీసుకుని మెట్లెక్కాడు. అబ్నర్ తలుపు బయటికి వచ్చి, వెనకాల మూసి, దానికి వీపు ఆనించి నిలబడ్డాడు. లోపల తిర్సా అరిచింది.

“సమయానికే వచ్చాను,” అన్నాడు గౌడీ.

“లోపలికి రావద్దు.”

గౌడీ నవ్వబోయి ఆగిపోయాడు. “అబ్నర్, ఆరు మైళ్లు వచ్చాను. మంచులో.”

“వచ్చిన దారినే పొండి.”

“బిడ్డ అడ్డం తిరిగితే? ఆ ముసలామెకు ఏం తెలుసు? మీ కూతురు చనిపోతే ఎవరిది బాధ్యత?”

“నాది. మా ఆవిడ పోయినప్పుడు కూడా నాదే. అప్పుడు తెలియలేదు.”

డాక్టరు చేతిలో పెట్టె ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారింది. మెట్ల మీద ఒక అడుగు పైకి వేశాడు. అబ్నర్ కదల్లేదు. చేతిలో ఏమీ పట్టుకోలేదు. గొంతు కూడా పెంచలేదు.

“పొమ్మన్నాను.”

“ఇన్నేళ్లలో,” అన్నాడు గౌడీ, మెల్లగా, అర్థంకానట్టు, “నన్ను ఎవరూ వద్దనలేదు.”

ఆ మాటలో అబద్ధం లేదు. అది అబ్నర్‌కు కత్తి దిగినట్టు దిగింది. కోపం ఈ మనిషి మీద పెట్టుకున్నాడు ఇన్నేళ్లూ. ఈయన్ని వదిలించుకోవడానికి రాష్ట్రం మీదికి ఉసిగొల్పాడు. మిల్లులో ఎత్తులు వేశాడు. ఓట్లు అడిగాడు. కూతురి ప్రాణం మీదికి తెచ్చుకున్నాడు. కెజియా మొదటి రోజే వద్దంది. ఇంట్లో ఆ మాట అనగలిగింది ఆమె ఒక్కతే. పక్కన నిలబడ్డ మగాడు దాన్ని ఇంకోసారి, కొంచెం గట్టిగా అని ఉంటే సరిపోయేది. అంతకుమించి ఏమీ అక్కర్లేకపోయింది.

గౌడీ గుర్రం ఎక్కాడు. ఎక్కి, వెంటనే కదలక, వాగు అవతలికి చూశాడు. గాల్ట్ ఇంటి పొగగొట్టంలోంచి పొగ వస్తోంది.

“మోర్డెకై భార్యకు దగ్గు ఎక్కువైందట,” అన్నాడు. ఎవరో ఒకరికి తాను కావాలని చెప్పుకుంటున్నట్టు అన్నాడు.

గుర్రం వాగు దాటింది. అవతల తలుపు ఆయన దిగకముందే తెరుచుకుంది. మోర్డెకై మంచులోకి వట్టి చొక్కాతో పరుగెత్తుకొచ్చి కళ్లెం పట్టుకున్నాడు. “రండి రండి డాక్టరుగారూ, ఎంత దయ!” అన్న మాట వాగు మీదుగా అబ్నర్‌కు స్పష్టంగా వినపడింది. తలుపు మూసుకుంది.

“ఇంకా అక్కడే నిలబడి ఏం చూస్తున్నావు?” అని లోపలినుంచి ఉర్సులా కేకేసింది. “వేణ్ణీళ్లు తే! మగాళ్లు ఉన్నదెందుకు, గడపలకు కాపలాకా?”

అబ్నర్ వేణ్ణీళ్లు తెచ్చాడు. వెలుగు ఉండగానే తిర్సాకు కొడుకు పుట్టాడు. అడ్డం తిరగలేదు, ఏమీ లేదు. తల్లీ బిడ్డా ఇద్దరూ బతికారు. ఆసా మురిసిపోతూ వచ్చి బిడ్డను ఎత్తుకోబోతే అబ్నర్ ఇవ్వలేదు. తిర్సా అడిగాక ఇచ్చాడు.

నాలుగో రోజు మోర్డెకై కొట్టానికి వచ్చాడు. లోయలో చెక్కకు చక్కగా చిత్రిక పట్టేవాడు అబ్నర్ ఒక్కడే. మోర్డెకై గుమ్మంలో నిలబడి టోపీ తీశాడు. ఆగస్టు నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

“మా ఆవిడకు పెట్టె కావాలి,” అన్నాడు.

అబ్నర్ బాడిస పక్కన పెట్టాడు.

“డాక్టరుగారు చాలా శ్రమపడ్డారు,” అన్నాడు మోర్డెకై. ఏడవడం లేదు. మొహం పిండిలా ఉంది. “రెండు రోజులు మంచం వదల్లేదు. పోయాక నాకంటే ఎక్కువ ఏడ్చారు. నేనే ఓదార్చాల్సి వచ్చింది.”

అతను ఏదో ఒక మాట కోసం నిలబడ్డాడు. ఒకే బండిలో కొండలు దాటి వచ్చిన మనిషి. అతనికి లోపల ఏం జరుగుతోందో లోయలో అందరికంటే అబ్నర్‌కే బాగా తెలుసు. ఎన్నాళ్లు జరుగుతుందో కూడా తెలుసు. జాలి రావాలి. రాలేదు. తన మీద తనకే రానిది ఇతని మీద ఎక్కణ్ణుంచి వస్తుంది?

గోడకు ఆనించిన పలకల్లోంచి మంచిది ఒకటి లాగాడు.

“పొడుగెంత?” అన్నాడు.